వెన్నుపాము దెబ్బయు, చిత్రము చెప్పు జోస్యమును

కల్లుగీతకు తాటిచెట్టెక్కి జారిపడినవాడైనను, మెట్లపై కాలు తప్పిన ముసలమ్మయైనను, బండి బోల్తాపడి బాటప్రక్కన పడిన యువకుడైనను, వెన్నునకు దెబ్బతగిలి కాళ్లు కదలక ఆస్పత్రి చేరినపుడు ఇంటివా రడుగు ప్రశ్న యొక్కటియే. "మరల నడచునా?" తల్లి యడుగును, భార్య యడుగును, నోరు తెఱచి యడుగలేని పసిబిడ్డలు కన్నులతో నడుగుదురు. వైద్యుడు మాత్రము తిన్నగా బదులు చెప్పడు. "చూతమమ్మా" యని వెడలిపోవును. ఆ "చూతము" అను మాటను పట్టుకొని ఒక రాశపడుదురు, ఒకరు దుఃఖింతురు, మఱియొకరు ఆ సాయంకాలమే సోదె యడుగుటకు మనిషిని బంపుదురు.

వైద్యు డామాట ఊరక యనుటలేదు. చూడదగిన వస్తువు నిజముగనే యొకటి కలదు. అది వెన్నుపాముయొక్క చిత్రము. దెబ్బతిన్న వెన్నుపాములో ఎంత చెడినది, ఎంత మిగిలినది యని చిత్రమునందు కొలిచి, దానినిబట్టి ఏడాదికి రోగి యెంత కోలుకొనునో కొంతవఱకు ముందుగా చెప్పు విద్య యీ నడుమ బాగుగా పెరిగినది. ఇది జోస్యమువంటిదే యైనను గ్రహములపై నాధారపడినది గాదు, మిల్లీమీటర్లపై నాధారపడినది. ఈ చిత్రము ఏమి చెప్పగలదో, ఏమి చెప్పలేదో ఇంటి స్త్రీలకు తెలియుట మిక్కిలి యవసరము. ఏలయన, వైద్యుడు చెప్పిన నాలుగు మాటలను విని, వానిపై ఇంటిని నడుపవలసినవారు వారే.

మొదట నొక్క భేదమును గ్రహింపవలెను. వెన్నెముక వేఱు, వెన్నుపాము వేఱు. వెన్నెముక పూసలతో గూర్చిన యెముకల స్తంభము. ఆ పూసల నడుమనున్న గొట్టమువంటి దారిలో మెదడునుండి క్రిందికి దిగి వచ్చు మెత్తని త్రాడే వెన్నుపాము. అది చిటికెనవ్రేలంత లావు, సుమారు 45 సెంటీమీటర్ల పొడవు గలిగి, నడుము పైభాగముననే ముగియును. దానినుండి 31 జతల నరములు బయలుదేరి చేతులకు, రొమ్మునకు, కాళ్లకు, మలమూత్రాశయములకు బోవును. కదలుమను ఆజ్ఞ మెదడునుండి దీనివెంట దిగును; చలి, వేడి, నొప్పి, స్పర్శ దీనివెంటనే పైకెక్కును. కావున మెడయొద్ద దెబ్బతగిలిన చేతులు కాళ్లు రెండును చెడును. నడుమునకు పైన దెబ్బతగిలిన కాళ్లు మాత్రము చెడును.

విఱిగిన యెముక అతుకుకొనును. తెగిన వెన్నుపాము చర్మమువలె, ఎముకవలె మరల పెరుగదు. "ఎముక అతికినది గదా, ఇంకను ఏల లేవడు?" అని యత్తగారు కోడలిని, కోడలు వైద్యుని నడుగుట మన యిండ్లలో వినబడు మాట. ఈ భేదము తెలిసిన నట్లడుగరు. దీనికి విపర్యయమును గలదు. పసిపిల్లలకు ఎముకలు, వానిని కట్టియుంచు బంధములు మెత్తనివి. ఒక్కొక్కప్పుడు పడిన పిల్లవాని యెక్సురేలో ఎముక చక్కగానే యుండును. లోపలి వెన్నుపాము మాత్రము సాగి నలిగియుండును. 1982లో అమెరికా వైద్యులు దీనికి ప్రత్యేకముగ నొక పేరు పెట్టిరి. కావున పడిన బిడ్డ కాళ్లు తిమ్మిరులనుచున్నను, నడక తడబడుచున్నను, ఎక్సురే బాగుగ నున్నదని తల్లి యూరకుండరాదు.

వెన్నుపాము దెబ్బకు మందులేదను మాట అతిప్రాచీనమైనది. ఐగుప్తు దేశమున 1862లో ఎడ్విన్ స్మిత్ అనువాడు కొన్న యొక ప్రాచీన పత్రము కలదు. అది క్రీస్తుకు పూర్వము సుమారు 1600 సంవత్సరముల నాటిది. అందులో మెడపూస తొలగి చేతులు కాళ్లు పడిపోయినవానిని వర్ణించి, ఇది చికిత్స చేయదగిన రోగము కాదని వ్రాసిరి. అటుపైన మూడువేల యేండ్లకు మించి ఆ తీర్పు ఇంచుమించుగ నట్లే నిలిచినది. 1895 నవంబరులో జర్మనీదేశపు రాంట్‌జెన్ పండితుడు ఎక్స్ కిరణములను కనుగొని, ఆ డిసెంబరులో తన భార్య చేతిని చిత్రము తీసెను. ఆమె వ్రేలి యెముకలును, పెండ్లి యుంగరమును ఆ చిత్రమున గనబడినవి. లోక మాశ్చర్యపడినది. కాని ఎక్స్ కిరణములకు ఎముక కనబడును గాని, మెత్తని వెన్నుపాము కనబడదు. పూస విఱిగినదని తెలిసెడిది. లోపలి త్రాటి సంగతి తెలిసెడిది కాదు.

రెండవ ప్రపంచయుద్ధకాలమున ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆస్పత్రిలో 1944లో గుట్మన్ వైద్యుడు వెన్నుదెబ్బ రోగులకొఱకు ప్రత్యేకశాల నారంభించెను. రోగిని రెండేసి గంటలకొకసారి ప్రక్కకు త్రిప్పుట, మూత్రాశయమును శుచిగా జాగ్రత్తపెట్టుట, చేతులకు పనియు ఆటయు నేర్పుట ఆయన పద్ధతి. అంతకు పూర్వము పడకపుండ్లచేతను, మూత్రపు చీముచేతను నెలలలో మరణించువారు ఆయనయొద్ద బ్రదికి బయటికి వచ్చిరి. గమనింపుడు: ఆయనకు వెన్నుపామును జూపు చిత్రమేదియు లేదు. చిత్రము లేకుండనే ప్రాణములు నిలిచినవి. ఆ పనిలో ముక్కాలు పాలు నర్సులది.

మన పొరుగుననే దీనికొక గొప్ప యుదాహరణము గలదు. కొచ్చి ప్రాంతమున 1925లో జన్మించి వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలో వైద్యురాలైన మేరీ వర్గీసు 1954లో మోటారు ప్రమాదమున వెన్నుపాము దెబ్బతిని, నడుమునుండి క్రిందిభాగము చచ్చుపడి, మరల నడువజాలకపోయెను. ఆమె చక్రముల కుర్చీలో గూర్చుండియే కుష్ఠరోగుల వంకరపోయిన చేతులకు శస్త్రచికిత్స చేసెను. ఆస్ట్రేలియాకును న్యూయార్కునకును బోయి పునరావాస వైద్యమును నేర్చుకొని వచ్చి, 1966లో వేలూరున తనవంటివారి కొఱకు సంస్థను నెలకొల్పుటకు మూలమయ్యెను. 1972లో ఆమెకు పద్మశ్రీ బిరుదు లభించెను. చిత్తూరు, నెల్లూరు, కడప జిల్లాలనుండి మనవారు చికిత్సకు బోవు వేలూరు అదియే. ఆమెకు దెబ్బతగిలిననాడు నేటి చిత్రములు లేవు. ఉన్నచో నేమి చెప్పియుండెడివి? నడువదని చెప్పియుండును. ఆమె చేతులు ఏమి చేయునో మాత్రము చెప్పియుండవు.

ఇక చిత్రముల సంగతికి వత్తము. 1971లో ఇంగ్లండున హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన సి.టి. యంత్రముతో ఎముకను పొరలు పొరలుగ చూచుట సాధ్యమైనది. నేటికిని ప్రమాదమునందు తొలుత తీయునది తఱచుగా అదియే. పూసలలో ఏది విఱిగినది, ఎటు జరిగినది యని నిమిషములలో తెలియజేయును. వెన్నుపామునే కన్నులకు గట్టించినది మాత్రము ఎం.ఆర్.ఐ. యంత్రము. 1973లో అమెరికాలోని లాటర్‌బర్ దీని మూలసూత్రమును ప్రకటించెను. ఇంగ్లండులోని మాన్స్‌ఫీల్డ్ దానిని వృద్ధిచేసెను. ఈ యిరువురకును 2003లో నోబెలు బహుమాన మొసగబడినది.

ఇందులో ఎక్స్ కిరణములు లేవు. మన శరీరమున అధికభాగము నీరే. ఆ నీటిలోని జలవాయు పరమాణువుల గర్భములు చిన్న చిన్న అయస్కాంతములవలె ప్రవర్తించును. రోగిని పెద్ద అయస్కాంతపు గొట్టములో పరుండబెట్టినపుడు అవి కొంతవఱకు ఒక దిక్కునకు మొగముద్రిప్పును. సామాన్యపు యంత్రముయొక్క అయస్కాంతబలము భూమిబలమునకు ముప్పదివేల రెట్లకు పైబడినది. రేడియో తరంగములచే నొక్కక్షణము వానిని చెదరగొట్టి విడిచినచో, మరల తమ స్థానమునకు వచ్చుచు సన్నని సంకేతముల నిచ్చును. వానిని లెక్కించి యంత్రము చిత్రమును గీయును. సొరకాయను నిలువునను, అడ్డముగను కోసి లోపలి గుజ్జును గింజలను చూచునట్లు, కత్తి పెట్టకయే వెన్నుపామును రెండు విధములను చూడవచ్చును.

ఈ చిత్రములలో నొక రకమునందు నీరున్నచోట తెల్లగా మెఱయును. ఆరోగ్యమైన వెన్నుపాము బూడిదవన్నె త్రాడువలె, చుట్టు తెల్లని నీటి నడుమ నిలిచియుండును. దెబ్బతగిలినచోట వాపు నీరు చేరి త్రాడులోపలనే తెలుపు గనబడును. ఆ తెలుపు నడుమ నల్లని మచ్చ యున్నచో లోపల నెత్తురు చిమ్మినదని యర్థము. వాపు తీయును, నెత్తురు చిమ్మినచోట కణజాలము చితికియుండును. అందువలన నల్లమచ్చను జూచినపుడు వైద్యుని మొగము ముడుచుకొనును.

అడ్డపు కోతలో వెన్నుపాము మఱియొక విధముగ గనబడును. నడుమ సీతాకోకచిలుక రెక్కలు విప్పినట్లు ఒక యాకారమున్నది, అందు నాడీకణములున్నవి. దానిచుట్టు మెదడునుండి దిగునట్టియు, మెదడునకెక్కునట్టియు తంతువుల కట్టలున్నవి. కాళ్లకు సంబంధించినంతవఱకు ఈ చుట్టుకట్టలే ముఖ్యములు. 2015లో అమెరికాలోని సాన్‌ఫ్రాన్సిస్కో వైద్యులు ఈ కోతను జూచి దెబ్బను 0 మొదలు 4 వఱకు ఐదు తరగతులుగ విభజించిరి. తెలుపేమియు లేనిది సున్న. సీతాకోకచిలుకలో మాత్రమే యున్నది ఒకటి. చుట్టుకట్టలలోనికి కొంత వ్యాపించినది రెండు. త్రాడంతయు ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు నిండినది మూడు. అట్లు నిండి, నడుమ నెత్తురు మచ్చయు గలది నాలుగు. తరగతి పెరిగినకొలది ఆస్పత్రి విడుచునాటికి కోలుకొనుట తగ్గినదని వారు చూపిరి. లెక్క యెంత తేలికయో చూడుడు. దీనికి క్రొత్త యంత్ర మక్కరలేదు, ఉన్న చిత్రమును శ్రద్ధగ చూచు కన్ను చాలును.

ఐనను మొదటినాటి చిత్రమున నొక చిక్కున్నది. దెబ్బతగిలిన కొలదిగంటలలో వాపు పెరుగుచు, పైకిని క్రిందికిని ప్రాకుచుండును. ఏది చచ్చినది, ఏది ఉబ్బి ఊరకున్నది యని వేఱుచేయుట కష్టము. వఱద పొంగిననాడు ఏ గట్టు తెగినది, ఏది నీటమునిగియు నిలిచినది యని గట్టునుండి చూచి చెప్పలేము గదా! నీరు తీసిన పిమ్మట తెలియును. ఇట్టి విచారముతోనే స్విట్జర్లాండు దేశపు జూరిచ్ నగరములోని బాల్‌గ్రిస్ట్ ఆస్పత్రిలో ఫ్రాయిండ్, కుర్ట్ మొదలగు వైద్యులు సుమారొక నెల గడచిన పిమ్మట చిత్రము తీసి చూచిరి. అప్పటికి వాపు తీసి, చితికినచోట నీటితిత్తివంటి గుంట యేర్పడును. ఆ గుంటకు ముందువైపునను వెనుకవైపునను కొందఱిలో సన్నని కణజాలము తెగక మిగిలియుండును. దానికి వారు వంతెన యని పేరు పెట్టిరి.

వాగు కోసిన బాటలో ఒక యంచున బండి పట్టునంత మట్టి మిగిలినట్లు అది మిగులును. ఆ వంతెన వెడల్పు కొందఱిలో సున్న. కొందఱిలో ఒకటి రెండు మిల్లీమీటర్లు. కొందఱిలో ఇంకను హెచ్చు. వెడల్పు హెచ్చినకొలది కదలికయు స్పర్శయు హెచ్చుగా మరలివచ్చుట వారు గమనించి 2017లో ప్రకటించిరి. ఆ తరువాత జూరిచ్, జర్మనీలోని ముర్నావ్, అమెరికాలోని డెన్వర్ నగరములనుండి మెడయొద్ద దెబ్బతిన్న రెండువందలకు పైబడిన రోగుల చిత్రములను జూచి, 2024లో లాన్సెట్ న్యూరాలజీ పత్రికయందు ఫలితమును దెలిపిరి. మంచముకడ చేసిన పరీక్షకు ఈ వంతెన కొలతను గూడ చేర్చినయెడల, మూడు నెలలకును ఏడాదికిని ఉండబోవు స్థితిని ఇంకను మెఱుగుగ ముందు చెప్పవచ్చునని తేలినది. నరముల త్రోవలో బియ్యపుగింజ మందముపాటి మిగులునకు ఇంత విలువ!

మఱి మంచముకడ పరీక్ష యననేమి? చిత్రములను పొగడు తొందరలో దానిని మఱువరాదు. వైద్యుడు గుండుసూదితోను దూదితోను శరీరము పొడవున స్పర్శను చూచును. చేతులలోను కాళ్లలోను నిర్ణయించిన కండరముల బలమునకు సున్న మొదలు ఐదు వఱకు గుర్తు లిచ్చును. అన్నిటికంటె ముఖ్యముగ వెన్ను తుట్టతుద నరములు పోవు మలద్వారముకడ స్పర్శ యున్నదో లేదో చూచును. ఆ మాట ఇంటివారికి బిడియము గలిగించును. కొందఱు ఆడువారు ఆ పరీక్షకు ఒప్పుకొనరు. ఇది తగదు. తుదిచోట స్పర్శ మిగిలియున్నచో పైనుండి క్రిందికి ఏదోయొక త్రోవ తెఱచియున్నట్లే. స్త్రీ వైద్యురాలిని గోరుడు, తెర వేయుమనుడు, పరీక్షను మాత్రము మానకుడు. దీనినిబట్టియే దెబ్బను ఏ, బి, సి, డి, ఇ అని ఐదు మెట్లుగ చెప్పుదురు. ఏ యనగా తుదిచోట స్పర్శయు కదలికయు బొత్తిగ లేనిది. ఇ యనగా అంతయు సరియైనది. ఏ మెట్టున నున్నవారిలో నడకకు మరలువారు అరుదు. డి మెట్టున నున్నవారిలో నడువనివారే అరుదు.

2011లో ఐరోపా వైద్యులు నడకనుగూర్చి యొక సూత్రమును జెప్పిరి. దెబ్బతగిలిన పదునైదు దినములలో ఐదు సంగతులు చూచిన చాలునట: వయస్సు అరువదియైదేండ్లకు లోపా పైనా, తొడ ముందుకండరపు బలము, పిక్కకండరపు బలము, మోకాలియొద్ద స్పర్శ, మడమ ప్రక్క స్పర్శ. ఈ యైదింటితోనే ఏడాదికి నడచువారెవరో చాలవఱకు సరిగ జెప్పగలిగిరి. ఇందులో చిత్రము లేదని చదువరులు గమనింతురుగాక. దూదియు, సూదియు, ఓపికగల వైద్యుడును! ఇక చిత్రమెందులకందురా? స్పృహలేనివానిని, గొట్టములతో గాలి యందించబడుచున్నవానిని, మాటరాని పసివానిని గుండుసూదితో నడుగుట యెట్లు? మఱియు మొదటి దినములలో వెన్నుపాము నివ్వెఱపోయినట్లు, మిగిలినభాగము గూడ పనిచేయక యుండును. అప్పుడు పరీక్ష ఉన్నదానికంటె చెడ్డగ జెప్పును. అట్టిచోట చిత్రము రెండవ సాక్షి.

సాక్షి యేగాని న్యాయాధిపతి కాదు. చిత్రము ఆకారమును జూపును. మిగిలిన తంతువులు పనిచేయునో లేదో చూపదు. వంతెనను కొలుచునది నడిమికోత. ప్రక్కలందు మిగిలినది అందు కనబడదు. పూసలను నిలుపుటకు లోహపు కడ్డీలు, మరలు బిగించినచో వాని నీడ పడి చిత్రము చెదరును. నీటి కదలిక దిక్కును బట్టి తంతువుల కట్టలను చూపు మఱియొక విధపు చిత్రమును గలదు గాని, అది యింకను పరిశోధకుల చేతిపనిముట్టుగనే యున్నది. అన్నిటికిని మించి, చిత్రము చెప్పునది పలువురను గూర్చి. మృగశిరకార్తెలో వానలు గురియుననుట నిజము. మన చెలకపై ఏ సాయంకాలము గురియునో అది చెప్పదు. ఒకే కొలత గల యిద్దఱిలో ఒకరు కఱ్ఱ పట్టుకొని నడువవచ్చును, ఒకరు నడువకపోవచ్చును. వయస్సు, ఇతర దెబ్బలు, పడకపుండ్లు, చేయు వ్యాయామము ఇవన్నియు నందు కలియును.

అట్లైన ఈ జోస్యముతో ఇంటివారికి పనియేమి? చాల పనికలదు. కోలుకొనుటలో అధికభాగము మొదటి మూడు మొదలు ఆరు నెలలలో జరుగును. ఆ పిమ్మట ఏడాదివఱకును, కొందఱిలో నంతకు మించియు, మెల్లగ సాగును. ఆ మొదటి నెలలలోనే ఇల్లు తనకున్న డబ్బును ఎక్కడ పెట్టవలెనో నిర్ణయించుకొనును. వంతెన యున్నదని, తుదిచోట స్పర్శ యున్నదని తెలిసినచో, కాళ్ల వ్యాయామమునకై నెలలకొలది పట్టణమున నుండుట వృథా కాదు. రెండును లేవని తెలిసినచో, ఆ డబ్బే గడపకు వాలుబాట కట్టుటకు, మరుగుదొడ్డి తలుపు వెడల్పు చేయుటకు, మంచి చక్రముల కుర్చీకి, చేతుల బలమునకు ఉపయోగించును. రెండవది నిరాశ కాదు. వేఱొక విధపు ఏర్పాటు. కాని మన యిండ్లలో జరుగుచున్నదేమి? చిత్రమును జూచి "ఇక లేదట" అని యెవరో యన్నమాటకు వ్యాయామమును మాన్పించి మంచమున బడవేయుదురు. కీళ్లు బిగిసి, పుండ్లు పడును. లేక, అదే మాటకు భయపడి, మూలకణములు సూదితో నెక్కించి నడిపింతుమను ప్రకటనలను నమ్మి పొలము నమ్మెదరు. మన దేశపు వైద్యపరిశోధన మండలి 2017 నాటి నియమములలో మూలకణములను నెత్తుటికి సంబంధించిన కొన్ని వ్యాధులకు మాత్రమే చికిత్సగ నంగీకరించినది. వెన్నుపాము దెబ్బకు పరిశోధనలో భాగముగ తప్ప నెక్కించుట తగదు. పరిశోధనలో చేరినవారియొద్ద డబ్బు పుచ్చుకొనరాదు. డబ్బడిగిరనిన అది పరిశోధన కాదని యెఱుగవలెను.

ఇంకొక మాట. ఈ జోస్యమును ఎవరికి చెప్పవలెను? పురుషునకు దెబ్బతగిలినపుడు వైద్యుడు అన్నదమ్ములతో మాటాడును. స్త్రీకి దెబ్బతగిలినపుడు భర్తతోను మామగారితోను మాటాడును. మంచముననున్న మనిషికి చెప్పువారుండరు. "విన్నచో కుమిలిపోవును" అందురు. తన కాళ్ల సంగతి తనకు చెప్పకుండుట దయ యని నేననుకొనను. చెప్పకున్నను ఆమె గ్రహించును, ఒంటరిగ గ్రహించును. వయస్సులోనున్న ఆడుదానికి వెన్నుదెబ్బ తగిలినంతనే పుట్టింటికి చేర్చి, ఆమె కాపురము ముగిసినదని తలచువారు గలరు. వారు తెలిసికొనవలసినదేమనగా, నడక లేకున్నను కొలదినెలలలో ఋతుక్రమము సాధారణముగ మరలివచ్చును. నిపుణులైన వైద్యుల పర్యవేక్షణలో బిడ్డలను గని పెంచినవారు ఎందఱో గలరు. ఇది చిత్రముకంటె ముందు చెప్పవలసిన మాట.

చిత్రము తీయించుటకు బోవునపుడు కొన్ని జాగ్రత్తలు స్త్రీలకే తెలియదగినవి. ఆ గది యయస్కాంతము రేయింబవళ్లు పనిచేయుచునే యుండును. తలసూదులు, పిన్నులు ఎగిరిపోయి గాయపఱచును. గాజులు, మెట్టెలు, ముక్కుపుడక, జరీచీర, హుక్కుల రవిక అన్నియు తీయవలెను. మంగళసూత్రము తీయుట కొందఱికి కష్టముగ దోచును; అట్టివారు పసుపుత్రాటికి పసుపుకొమ్ము గట్టుకొని లోనికి పోవుచున్నారు, మంచి యుపాయమే. వెన్నుదెబ్బ రోగివిషయమున నిది మఱింత ముఖ్యము. ఒంటిపై మఱచిన లోహము వేడెక్కి కాల్చినను, స్పర్శలేని మనిషికి తెలియదు, కేకవేయదు. గుండెకు యంత్రము, లోపల లోహపు తునక యున్నచో ముందే చెప్పవలెను. అరగంట, ముప్పావుగంట గట్టిబల్లపై కదలక యుండవలెను గనుక, బయటికి వచ్చినవెంటనే వీపును, పిఱుదులను, మడమలను చూచి, ఎఱ్ఱబాఱినచోట ఒత్తిడి లేకుండ త్రిప్పి పరుండబెట్టుడు.

చిత్రముకంటె ముందుది పడినచోటు. చంకలక్రింద చేతులు వేసి, కాళ్లు పట్టి, నడుము వ్రేలాడునట్లు నలుగురు మోసికొనిపోవుటచేత అరకొరగ నలిగిన వెన్నుపాము పూర్తిగ తెగవచ్చును. నిలిచియున్న వంతెన ఆ పది యడుగులలో పోవచ్చును. తలయు మెడయు వెన్నును ఒకే వరుసలోనుంచి, మొద్దును దొరలించినట్లు ఒక్కసారిగ దొరలించి, తలుపుచెక్కపైననో బల్లపైననో కట్టి తీసికొనిపోవలెను. ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క ప్రకారము కోటి యేబది లక్షలకు పైబడి జనులు ఈ దెబ్బతో జీవించుచున్నారు. కారణములలో ముఖ్యములు పడుటలును బాట ప్రమాదములును. తాటిచెట్లెక్కువారికి తెలంగాణ ప్రభుత్వము 2024లో కాటమయ్య పేరిట రక్షణసామగ్రి నిచ్చుట యారంభించినది. అది యింటిలో కొక్కెమునకు వ్రేలాడుచుండగా భర్త చెట్టెక్కబోయినచో, దానిని తీసి చేతికిచ్చుట భార్య పని.

తుదకు చిన్నసంగతి యొకటి. మొదటినాటి చిత్రమును, నెల తరువాతి చిత్రమును ప్రక్కప్రక్కన బెట్టి చూచినపుడే నిపుణునకు అసలు తెలియును. మొదటిది ఒక యూర, రెండవది వేఱొక యూర తీయబడుట మనవారికి సామాన్యము; నడుమ మొదటిది పోవును. కావున వైద్యశాల విడుచునపుడు చిత్రములున్న పళ్లెమును, వ్రాతపత్రమును అడిగి పుచ్చుకొని, పైన తేదీని, దెబ్బతగిలి ఎన్నవ దినమో దానిని గూడ వ్రాసి, చీరల పెట్టెలో నడుగున భద్రముచేయుడు. మరల వైద్యునికడకు బోవునపుడు "నడచునా?" అని యొక్కటే యడుగక, "తుదిచోట స్పర్శ యున్నదా? ఏ మెట్టు? లోపల నెత్తురున్నదా? నెల పిమ్మట చిత్రము మరల తీయుదురా? వంతెన యెంత మిగిలినది?" అని యడుగుడు.